గూడుబండిలో వెచ్చగాలి

మా అమ్మ కాపురానికి వచ్చింది గూడుబండిలో. 1967లో గుడివాడ స్టేషనులో రైలు దిగి, అక్కడినుంచి మా ఊరికి ఆరు మైళ్ళూ నల్లరేగడి బురదలో ఎద్దులు ఈడుస్తుంటే, వెదురు గూడు కింద వరిగడ్డి మీద పరచిన జంపఖానా మీద కూర్చుని వచ్చానని ఇప్పటికీ చెబుతుంది. ఆ అమ్మే డెబ్బైనాలుగో ఏట మళ్ళీ గూడుబండి ఎక్కింది. ఈమాటు గుడివాడలో కాదు, ఇంగ్లండులో. ఎద్దులకు బదులు మా బావగారి మోటారుకారు. వరిగడ్డికి బదులు స్పాంజి పరుపు.

అక్కడివారు దాన్ని కారవాన్ అంటారు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లన్నమాట. ఆ మాట పారశీకం నుంచి వచ్చింది. సరుకులు వేసుకుని గుంపుగా దారినపడి పోయే వర్తకుల బారు అని దాని మొదటి అర్థం. మనకు అందుకు సరిపోయే పాతమాట బిడారు ఉండనే ఉంది. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక నేను బిడారు అన్నాను. అమ్మ మాత్రం చూసీ చూడగానే "గూడుబండే కదుట్రా!" అన్నది. ఆవిడ మాటే నిలిచింది.

ఇంగ్లండులో ఈ గూడుబండ్ల సరదాకు మూలపురుషుడు గోర్డన్ స్టేబుల్సు అనే ఆయన. నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి, తరువాత పిల్లల కథలు రాసుకుంటూ ఉండేవాడు. 1885లో బ్రిస్టలులో ఒక బండి చేయించి, దానికి దేశదిమ్మరి అని అర్థం వచ్చే పేరు పెట్టి, రెండు గుర్రాలు కట్టించి స్కాట్లండు దాకా వెళ్ళాడు. ఎదురొచ్చే బళ్ళను హెచ్చరించడానికి నౌకరు ముందు మూడుచక్రాల సైకిలు తొక్కుకుంటూ పోయేవాడట! అంతకుముందు బండిలో కాపురముండటం జిప్సీల బతుకు. ఆయన తరువాత దొరల వేడుక అయింది. 1907 నాటికి వీళ్ళంతా ఒక క్లబ్బే పెట్టుకున్నారు. ఇప్పుడు సెలవులు వచ్చాయంటే రోడ్ల నిండా ఈ తెల్ల డబ్బాలే.

మా బావగారు లీడ్సు నగరంలో ఇరవై ఏళ్ళ పైనుంచి ఉంటున్నారు. ఆయన ఈ బండిని ఒకరు వాడినదే కొన్నారు. "ఇంత డబ్బు పోసి పాతసరుకు కొన్నారేమిటే?" అని మా అక్కయ్యతో నేనన్న మాట ఆయన చెవిని పడింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఎందుకు కొన్నారో తరువాత అక్కయ్య చెప్పింది. అమ్మ బయట మెతుకు ముట్టదు. హోటలు గదిలో పొయ్యి వెలిగించనివ్వరు. వంటిల్లు వెంట తీసుకుపోతేనే తప్ప ఆవిడ గడప దాటదు. ఇంతదూరం వచ్చిన అత్తగారు లీడ్సులో కిటికీ పక్కన కూర్చుని వాన చూసి తిరిగి వెళ్ళిపోవటం ఆయనకు ఇష్టం లేకపోయింది. అదీ సంగతి. అప్పటినుంచి ఆ బండిని గురించి నేను నోరెత్తలేదు.

2023 అక్టోబరు నెలాఖరున మా మేనకోడలి బడికి వారం రోజులు సెలవులిచ్చారు. అయిదుగురం బయలుదేరాం. సామాను సర్దే పని నేను మీదవేసుకున్నాను. నా పుస్తకాల పెట్టెను బట్టల బీరువాలో అడుగుకంటా తోశాను. ఆవకాయ, మాగాయ జాడీలున్న అట్టపెట్టెను వెనక మంచం కింద ఇరికించాను. మిల్లీమీటరు ఖాళీ లేకుండా సర్దినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడాను. ఈ సంగతి పాఠకులు కాస్త జ్ఞాపకం పెట్టుకోవాలి.

గూడుబండిని లాగే కారుకు ఆ దేశంలో వేరే నియమాలున్నాయి. మామూలు రోడ్డు మీద గంటకు యాభై మైళ్ళు, మోటారువే మీద అరవై మైళ్ళు దాటకూడదు. మూడు బారుల మోటారువేలో కుడిచివరి బారులోకి పోనే కూడదు. అంచేత లీడ్సు నుంచి స్కిప్టను, సెటిలు ఊళ్ళ మీదుగా, తరువాత మోటారువే మీద పెన్రితు దాకా పోయి, పడమటికి తిరిగి కెజిక్ చేరేసరికి నూరుమైళ్ళ పైచిలుకు ప్రయాణానికి పూట పట్టింది. దారి పొడుగునా రాళ్ళు పేర్చి కట్టిన గోడలు, వాటిమధ్య గొర్రెలు, గొర్రెల మీద వాన.

కెజిక్ అనేది సరస్సుల సీమలో ఉత్తరాన ఉన్న చిన్న ఊరు. ఆ సీమను 1951లో జాతీయవనం చేశారు. ఇంగ్లండులో అన్నిటికన్న ఎత్తయిన స్కాఫెల్ పైక్ శిఖరం అక్కడే ఉంది. ఎత్తు 978 మీటర్లు. మన తిరుమల కొండకంటె మరీ ఎక్కువేమీ కాదు గాని, చెట్టనేది లేని ఆ బోడికొండలు మబ్బును నెత్తిన వేసుకుని నిలబడితే చూసేవాడికి గుండె జారుతుంది. ఆ పక్కనే సీత్వెయిట్ అనే చిన్నపల్లె. ఇంగ్లండులో మనుషులుండే చోట్లలో అన్నిటికన్న వాన ఎక్కువ కురిసేది అక్కడే. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్లు దాటుతుంది. మన రెండు రాష్ట్రాలలోనూ సగటున వెయ్యికి లోపే. అంటే మన మూడేళ్ళ వానను వాళ్ళు ఒక్క ఏట తడిసి తీరుస్తారన్నమాట.

ఊరిబయట ఒక రైతు తన పొలంలో కొంతభాగాన్ని ఇలాంటి బళ్ళకోసం విడిచిపెట్టాడు. అలాంటి చిన్న మకాముల్లో అయిదు బళ్ళకు మించి దిగకూడదని కట్టుబాటు. ఒక నీళ్ళ కొళాయి తప్ప మరేమీ లేదు. కరెంటు తీగె కూడా లేదు. దీపాలకు బండిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, వంటకూ వెచ్చదనానికీ గ్యాసు సిలిండరు. గ్యాసు కూడా చలికాలానికి ప్రొపేనే తెచ్చుకోవాలట. బ్యూటేనైతే నీరు గడ్డకట్టే చలిలో ఆవిరి కాక సీసాలోనే కూర్చుంటుంది.

నాలుగున్నరకే చీకటి పడింది. బావగారు హీటరు వెలిగించారు. అమ్మకు వెనక కింది మంచం, మేనకోడలికి దానిపైది, నడిమి బల్ల దగ్గర నాకు, ముందుభాగాన అక్కయ్యకూ బావగారికీ పక్కలు వేశారు. అరగంట అయింది. హీటరు ముందు కూర్చున్న నాకు మొహం కాలుతోంది. వెనకనుంచి అమ్మ, "ఒరే, కాళ్ళు కొంకర్లు పోతున్నాయిరా" అన్నది. వెళ్ళి చూద్దును గదా, అక్కడి గాలి బయట పొలంలో గాలికి ఏమీ తీసిపోలేదు.

"పంకా చప్పుడు వినబడటం లేదు నాన్నా" అన్నది మేనకోడలు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ హీటరుకు ఒక పంకా ఉందని. బీరువా అడుగున ఒక ఇనప పెట్టెలో గ్యాసు మండుతుంది. మంటకు కావలసిన గాలిని అది బయటినుంచే పీల్చుకుంటుంది; పొగను గొట్టం ద్వారా కప్పుమీదికి వదులుతుంది. మనం పీల్చే గాలికీ ఆ మంటకూ పొత్తు లేదు. వేడెక్కిన పెట్టె చుట్టూ ఉన్న గాలిని వెనకనున్న పంకా లాగి, మణికట్టంత లావు గొట్టాల్లోకి తోస్తుంది. ఆ గొట్టాలు మంచాల కిందుగా పోయి మూలమూలనా తెరుచుకుంటాయి. వేడిగాలికి పైకి పోయే గుణం ఉంది గదా. తోసేవాడు లేకపోతే అది కప్పు కిందే తచ్చాడుతుంది. కింద మంచాన పడుకున్న ముసలివాళ్ళకు అందదు.

బావగారు మీట అటు తిప్పారు, ఇటు తిప్పారు. చడీచప్పుడు లేదు. "మోటారు పోయినట్టుంది. కొత్తది వేయించాలంటే వందల పౌన్లు" అన్నారు. ఆ మొహం చూసి నాకే జాలి వేసింది. పాతసరుకు అని నేనన్న మాట ఆయనకు గుర్తొచ్చిందేమోనని బెంగ కూడా పట్టుకుంది. ఆ బెంగలో ఏదో ఒక సాయం చేసేయాలనిపించింది.

"దీనికింత ఆలోచన ఎందుకండీ? వంటపొయ్యి రెండువైపులా వెలిగించి తలుపులు బిగించుకుంటే సరి. చలికాలం మన ఊళ్ళో కుంపటి పెట్టుకోమూ?" అని అగ్గిపెట్టె అందుకున్నాను.

"ఏమోయ్, ముందు ఆ అగ్గిపెట్టె అక్కడ పెట్టు" అన్నారు బావగారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

కుంపటి కథ ఆయనకూ తెలుసు, మీకూ తెలుసు. ఏటా చలికాలం ఎక్కడో ఒకచోట తలుపులు మూసుకుని కుంపటి పెట్టుకు పడుకున్న కుటుంబం తెల్లవారి లేవలేదని పేపర్లో చదువుతూనే ఉంటాం. "అయ్యో పాపం" అనుకుంటాం. అది మన చేతిలోని అగ్గిపెట్టె సంగతేనని తోచదు. మూసిన గదిలో మంట గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. అది చాలక సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోతున్నవాణ్ణి నిద్రలోనే తీసుకుపోతుంది. హీటరు మంట పెట్టెలో బందీగా ఉంటుంది గనుక భయం లేదు. వంటపొయ్యి మంట మన మధ్యనే ఉంటుంది. వంటకు వెలిగించాలి, వెచ్చదనానికి కాదు.

బావగారు ఇంతా చెప్పి, తలుపు పక్క నేలవైపు చూసి, "అదేమిటి?" అన్నారు. నా తువ్వాలు. అక్కడ నేలలో ఒక జాలీ ఉంది. దానిలోంచి చలిగాలి కొడుతోందని అంతకుముందే నేను తువ్వాలు కుక్కాను. ఆయన వంగి దాన్ని లాగేశారు. వంటగ్యాసు గాలికంటె బరువు. ఎక్కడన్నా కారితే అది నేలకు దిగి ఆ జాలీలోంచే బయటికి పోవాలిట. మనుషులకు కొత్తగాలి వచ్చేదీ అందులోంచే. ఒక్క సాయంత్రంలో రెండు అపచారాలు చేయబోయాను. ఎమ్మే చదివినవాణ్ణి.

ఆ రాత్రి నా పక్క అమ్మకిచ్చి, నేను వెనక మంచం మీదికి వెళ్ళాను. పంకా లేకపోయినా హీటరు వెలుగుతూనే ఉంటుంది గనుక దాని దగ్గర వెచ్చగానే ఉంది. అక్కయ్య రబ్బరుసంచీలో వేడినీళ్ళు పోసి అమ్మ కాళ్ళదగ్గర పెట్టింది. అయినా చల్లగాలి అప్పటికే పనిచేసింది. అర్ధరాత్రి వేళ అమ్మకు ఉబ్బసం ఎత్తుకుంది. పిల్లికూతలు వెనక మంచం దాకా వినవస్తున్నాయి. మందు పీల్పించి, వీపు రాస్తూ అక్కయ్య కూర్చుంది. బావగారు పడుకోనే లేదు. గంట తరువాత ఊపిరి సర్దుకుంది.

"తెల్లవారగానే తిరిగి వెళ్ళిపోదాం అత్తయ్యగారూ. నాదే పొరపాటు. మిమ్మల్ని ఈ చలిలోకి తీసుకురాకుండా ఉండవలసింది" అన్నారు బావగారు.

"తెల్లవారనివ్వండి బాబూ, చూద్దాం" అన్నది అమ్మ.

* * *

తెల్లవారి బావగారు కారుకు కొక్కెం తగిలించబోతుంటే, పక్కబండిలోంచి ఒక ముసలాయన కుక్కతో సహా వచ్చాడు. రైల్వే వర్కుషాపులో పనిచేసి రిటైరయ్యాడట. నాలుగు రోజులుంటామని నిన్న చెప్పినవాళ్ళు ఇవాళే వెళ్ళిపోతున్నారేమని అడిగాడు. సంగతి చెప్పాం.

"మోటారు పోయిందని ఎలా తెలిసింది?" అన్నాడు.

"తిరగటం లేదు గదా" అన్నారు బావగారు.

"తిరగటం లేదని మాత్రమే తెలిసింది. పోయిందని తెలియలేదు" అన్నాడు ముసలాయన. "నేను మూడే ప్రశ్నలు వేస్తాను. కరెంటు అక్కడిదాకా వస్తోందా? వస్తే, చక్రం తిరుగుతోందా? తిరిగితే, గాలి చివరిదాకా పోతోందా? ఈ వరస తప్పించకూడదు."

ఆ మాట వినగానే నాకు మా తరగతి గది కళ్ళకు కట్టింది. పద్యం చదవగానే తాత్పర్యం చెప్పేసే పిల్లలుంటారు. ముందు పదవిభాగం, తరువాత ప్రతిపదార్థం, ఆ తరువాత అన్వయం, చివరికి తాత్పర్యం అని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటాను. రాత్రి మేము చేసింది ఆ పిల్లలు చేసే పనే. చప్పుడు లేదనగానే మోటారు పోయిందని తాత్పర్యం చెప్పేశాం.

ముసలాయన తన బండిలోంచి చేతిలో ఇమిడే మీటరు ఒకటి తెచ్చాడు. మొదట బ్యాటరీ. 12.4 వోల్టులు. నిండుగా ఉంటే 12.7 చూపుతుంది, ఇది చాలినంత ఉన్నట్టే. దీపాలు వెలుగుతున్నాయి, నీళ్ళపంపు పనిచేస్తోంది గనుక లోటు బ్యాటరీలో లేదు. తరువాత ఫ్యూజు. వీటికి రంగులుంటాయి; అయిదు ఆంపియర్లది లేత గోధుమరంగు, పదిది ఎరుపు, పదిహేనుది నీలం. కంటితో చూస్తే తీగె బాగానే ఉంది. "కన్ను చాలదు" అని దాన్ని కూడా మీటరు పెట్టి చూశాడు. అదీ బాగానే ఉంది. పోయిన ఫ్యూజు స్థానంలో పెద్దది వేయటంకన్న పాపం లేదని కూడా చెప్పాడు. తీగె కాలకుండా ముందు తాను కాలేదే ఫ్యూజు. దాన్ని బలిపిస్తే తీగె కాలుతుంది.

ఇక మోటారు దగ్గరికి కరెంటు వస్తోందో లేదో చూడాలి. "మీ హీటరు పంకా ఎక్కడుంది?" అన్నాడు. బీరువా అడుగున, వెనకవైపు. బీరువా తలుపు తీశారు.

ఎదురుగా నా పుస్తకాల పెట్టె.

ముసలాయన దాన్ని ఎత్తబోయి, దించి, "ఇందులో ఏముంది, రాళ్ళా?" అన్నాడు. నేను ఏమీ చెప్పలేదు. పెట్టె బయటికి లాగాం. వెనక, పంకా మోటారునుంచి వచ్చే రెండు తీగెల చివర ప్లాస్టిక్కు బిడం ఒకటి, సాకెట్టులోంచి సగం ఊడి వేలాడుతోంది. నా పెట్టె మూల సరిగ్గా ఆ తీగెల మీద ఆనింది. దారిపొడుగునా బండి కుదుపులకు పెట్టె ఊగినప్పుడల్లా తీగెను లాగుతూనే ఉందన్నమాట. మీటరు పెట్టి చూస్తే కరెంటు సాకెట్టుదాకా నిక్షేపంగా వస్తోంది.

బావగారు నావైపు చూడలేదు. ఆ చూడకపోవటంలోనే ఆయన పెద్దరికమంతా ఉంది.

బిడాన్ని గట్టిగా నొక్కి మీట తిప్పారు. పంకా తిరగలేదు గాని, మూలిగింది. "ఆపండి, ఆపండి" అన్నాడు ముసలాయన. కరెంటు అందుతూ మోటారు కదలలేకపోతే అది ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి, అప్పుడు నిజంగానే కాలిపోతుందిట. మొదటి ప్రశ్న తీరింది, రెండోది మిగిలింది.

గ్యాసు కట్టేసి, హీటరు చల్లారేదాకా ఆగాం. ఈలోగా అమ్మ అందరికీ కాఫీ ఇచ్చింది. ముసలాయన చక్కెర వద్దని, కుక్కకు ఒక జంతిక అడిగి పెట్టాడు. చల్లారాక బిడం ఊడదీసి, మరలు విప్పి పంకాను బయటికి తీశారు. అది మన ఇళ్ళలో తిరిగే రెక్కల పంకా లాంటిది కాదు. చిన్న పిప్పరమెంటు డబ్బాకు చుట్టూ సన్నని పలకలు నిలబెట్టినట్టు, ఉడతల బోనులా ఉంటుంది. ఆ పలకలు కనబడటమే లేదు. బూడిదరంగు వెంట్రుకలు, దూది, దుమ్ము కలిసి నమదాలా చుట్టుకుపోయాయి. ముందటి యజమానికి కుక్క ఉండేదన్నమాట. ఆ నమదా పైన మాత్రం ఒక నిగనిగలాడే ఎర్ర ఊలుదారం, ఇరుసు చుట్టూ బొంగరానికి తాడు చుట్టినట్టు బిగిసి ఉంది.

"మామయ్యా, ఇది నీ మఫ్లరుది కాదూ?" అన్నది మేనకోడలు.

నిజమే. బీరువాలో తగిలించిన నా మఫ్లరు అంచు దారం జారి పంకాలోకి పోయింది. ఇల్లు చేరేలోపల ఆ బండిలో నేను పాడుచేయనిది ఏమన్నా మిగులుతుందా అని నాకే అనుమానం వచ్చింది.

ముసలాయన కత్తెరతో దారం కత్తిరించి, రంగులువేసే కుంచెతోనూ పళ్ళపుల్లతోనూ ఒక్కొక్క పలకనూ తుడిచాడు. పలకలు వంగకుండా చూడాలి. ఒకటి వంగినా చక్రం తూకం తప్పి గీపెడుతుంది. బావగారు నూనె చిమ్మబోతే వద్దన్నాడు. ఆ పంకా గాలినే కదా రాత్రంతా పీల్చేది. నూనె ఆవిరి అంతా ముసలమ్మగారి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. వేలితో తోస్తే చక్రం గిర్రున తిరిగి, తీరుబడిగా ఆగింది. "ఇదీ మోటారు పోవటం!" అన్నాడు నవ్వుతూ. తిరిగి బిగించి మీట వేస్తే తుమ్మెద రొదలాంటి చప్పుడు బండంతా నిండింది. మేనకోడలు చప్పట్లు కొట్టింది.

నేను ముసలాయన చేతులు పట్టుకుని ధన్యవాదాలు చెప్పబోతే, "మూడో ప్రశ్న మిగిలే ఉంది" అన్నాడు.

హీటరు మళ్ళీ వెలిగించి, వెచ్చబడ్డాక ఒక్కొక్క గాలిమూతి దగ్గరా అరచెయ్యి పెట్టి చూశాం. ముందు మూతి వెచ్చగా కొడుతోంది. నడిమిదీ అంతే. అమ్మ మంచం దగ్గర మాత్రం ఊపిరాడని మనిషి శ్వాసలాగా చల్లగా, సన్నగా వస్తోంది. ఆ గొట్టం దారి పట్టుకుని పోయారు. మంచం పలక ఎత్తారు. కింద నా అట్టపెట్టె. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ కలిసి ఆ మెత్తటి గొట్టాన్ని అప్పడంలా నొక్కేశాయి. ఆ నొక్కుడికి వెనకనున్న అతుకు కూడా ఊడి, వచ్చే కాస్త వేడిగాలీ మంచం కిందే పోతోంది. అంటే పంకా బాగున్నా అమ్మకు వెచ్చదనం అందేది కాదన్నమాట.

మేనకోడలి సన్నచెయ్యి అతుకుదాకా పోయింది. గొట్టాన్ని గుండ్రంగా సాగదీసి, అతుకులోకి తోసి, అల్యూమినియం పట్టీ చుట్టింది. హీటరుకు దగ్గరలో ఉన్న మూతిని సగం మూస్తే దూరపు మూతికి గాలి ఎక్కువ పోతుందని ముసలాయన చూపించాడు. పొలంలో మొదటి మడికి తూము సగం వేస్తేనే గదా చివరి మడికి నీళ్ళందేది! ఆ మాట అమ్మకు వెంటనే అర్థమైంది. చెయ్యి చాపి మూతి దగ్గర పెట్టి, "వస్తోందిరా" అన్నది.

లెక్క చూస్తే తప్పులు మూడు. బిడం ఊడటం, చక్రం బిగియటం, గొట్టం నలగటం. మొదటిదీ మూడోదీ అచ్చంగా నావే. రెండోదానిలో ముందటి యజమాని కుక్కకూ నాకూ సమాన భాగం. బావగారి పాతసరుకు లోపం ఒక్కటీ లేదు.

"బావగారూ, మీ బండిని నేనే..." అంటూ ఉండగానే ఆయన భుజం తట్టి, "జాడీలు పగల్లేదు గదోయ్. అదే పదివేలు" అన్నారు.

* * *

కొక్కెం తగిలించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. అమ్మకు శాలువా కప్పి, ఊరికి ఒకటిన్నర మైలు దూరాన ఉన్న కాజిల్‌రిగ్ చక్రాన్ని చూడబోయాం. అయిదువేల ఏళ్ళనాడు పేరు తెలియని మనుషులు ఒక కొండభుజం మీద దాదాపు నలభై పెద్దరాళ్ళను గుండ్రంగా నిలబెట్టి పోయారు. చుట్టూ కొండలు, మధ్య ఈ రాళ్ళు. మన నారాయణపేట జిల్లా ముడుమాలలో కృష్ణ ఒడ్డున నిలువురాళ్ళను చూసినప్పుడు కలిగిన విస్మయమే ఇక్కడా కలిగింది. నేను ఏదో చెప్పబోతుండగానే అమ్మ చెప్పులు విప్పి, తడిగడ్డిలో కుడిచేతివైపుగా ఆ రాళ్ళచుట్టూ నడవటం మొదలుపెట్టింది. "గుళ్ళాగుంది. వచ్చాం గదా, ఒక ప్రదక్షిణం" అన్నది. అక్కయ్య చెప్పులు చేతపట్టుకుని "అమ్మా, చలి! చలి!" అంటూ వెనక పరుగెత్తింది.

మర్నాడు కెజిక్‌లో పెన్సిళ్ళ మ్యూజియం చూశాం. ఆ పక్క బారోడేల్ లోయలో పదహారో శతాబ్దంలో గ్రాఫైటు బయటపడింది. మొదట గొర్రెలకు గుర్తులు వేసుకోవటానికి వాడుకున్నారు. దాన్ని సీసం అనుకున్నారు గనుకనే నేటికీ సీసపు పెన్సిలు అనే మాట పోలేదు. అందులో సీసం ఏనాడూ లేదు. చప్పుడు లేదు గనుక మోటారు పోయిందన్నట్టే ఇదీను! ఒకసారి పడిన తప్పుపేరు నాలుగు వందల ఏళ్ళు నిలిచింది. అక్కడ దాదాపు 26 అడుగుల పొడవైన రంగుపెన్సిలు కూడా ఉంది. దాన్ని చెక్కేదెవరని అమ్మ అడిగింది.

సాయంత్రం డెర్వెంట్ సరస్సు ఒడ్డున కూర్చున్నాం. నీళ్ళమీద కొండ నీడ, నీడమీద వానచినుకులు. ఇంగ్లీషు కవులు కొందరు ఈ సీమలోనే కాపురాలు పెట్టారు. వర్డ్సువర్తు ఇక్కడికి పదిపన్నెండు మైళ్ళ దూరంలో గ్రాస్మియరులో ఉండేవాడు. కోల్రిడ్జీ, సదీ ఈ కెజిక్ ఊళ్ళోనే ఉన్నారు. మన భావకవులు కాలేజీల్లో చదువుకున్నది వీళ్ళ కవిత్వమే. ఇన్నాళ్ళూ పాఠంలో చెప్పిన కొండలను కళ్ళారా చూసినందుకు పొంగిపోవలసినవాణ్ణి. కాని నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం నా మనసు కవులమీద లేదు. చీకటి పడుతోంది, చలి పెరుగుతోంది, ఆ పంకా తిరుగుతుందా అన్నదొక్కటే ఆలోచన.

తిరిగింది. ఆ రాత్రి అమ్మ తన మంచం మీదే పడుకుంది. నా పుస్తకాల పెట్టె నా కాళ్ళదగ్గర, జాడీల పెట్టె బల్లకింద. నేలలోని జాలీకి అడ్డం ఏమీ లేదు. తువ్వాలు కొయ్యకు వేలాడుతోంది. పడుకోబోయేముందు బావగారు గోడమీది కార్బన్ మోనాక్సైడు గంట మీట నొక్కి, అది కూస్తోందో లేదో చూశారు. ఆయన రోజూ చూస్తారట. మొదటిరోజు నేను గమనించలేదు.

దీపం ఆర్పాక చాలాసేపు మెలకువగా ఉన్నాను. బయట వాన. లోపల సన్నగా, ఆగకుండా పంకా రొద. ఆ రొద వెనక అమ్మ ఊపిరి, పిల్లికూతలు లేకుండా.

"నిద్ర పట్టిందా అమ్మా?" అన్నాను మెల్లగా.

"లేదురా. ఆ చప్పుడు వింటున్నా" అన్నది. "గుడివాడ నుంచి వచ్చిననాడు కూడా రాత్రంతా ఇరుసు ఇలాగే పాడుతూ ఉండేది. అది పాడుతున్నంతసేపూ బండి నడుస్తోందని ధైర్యం."

కాసేపటికి ఆవిడ నిద్రపోయింది. పంకా పాడుతూనే ఉంది.